గుండెలో రంధ్రం ఐదేళ్లకి అదే మూసుకుపోతుందా? ఆ వాయిస్ మెసేజ్‌కి నా జవాబు

ఈ మధ్య మా గుంటూరులో ఏ ఫ్యామిలీ గ్రూపు తెరిచినా ఒకటే వాయిస్ మెసేజ్. ఎవరో పెద్దాయన గొంతు, నిదానంగా, నమ్మబుద్ధయ్యేలా మాట్లాడతాడు. పిల్లల గుండెలో రంధ్రం ఉందంటే కంగారు పడొద్దంట, ఏ రంధ్రమైనా ఐదేళ్లొచ్చేసరికి అదే పూడిపోతుందంట, డాక్టర్లు డబ్బుల కోసమే కోస్తారంట, తెల్లమద్ది చెక్క కషాయంలో తేనె కలిపి రోజూ పట్టాలంట, బిడ్డని ఏడవనివ్వకూడదు ఆడనివ్వకూడదు టీకాలు వేయించకూడదంట, అసలు ఇదంతా తల్లి గ్రహణం రోజు బయట తిరగడం వల్ల వచ్చిందంట. మా పాపకి పుట్టుకతోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే గుండె జబ్బు, ఏడాది నిండకముందే ఆపరేషన్ అయింది, ఇప్పుడు బ్యాగు తగిలించుకుని స్కూలుకెళ్తోంది. నేను డాక్టర్ని కాదు. కానీ ఈ మెసేజ్ విని ఎవరైనా ఎకో, అంటే గుండె స్కానింగ్, వాయిదా వేసుకుంటారేమో అని భయమేసి రాస్తున్నా.

ముందు ఆ ఐదేళ్ల మాట. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కింది గదుల మధ్య గోడలో ఉండే చిన్న రంధ్రాలు, అంటే చిన్న వీఎస్‌డీలు, ముఖ్యంగా కండ భాగంలో ఉన్నవి, చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. పై గదుల మధ్య చిన్న ఏఎస్‌డీలు కూడా కొన్ని అంతే. ఇది డాక్టర్లే చెప్తారు, "ఏమీ చేయక్కర్లేదమ్మా, ఆర్నెల్లకోసారి ఎకో చేయించండి చాలు" అని పంపిచ్చేసిన పిల్లలు మాకు ఓపీ దగ్గర ఎంతమంది కనిపించారో. డబ్బుల కోసం కోసేవాళ్లైతే వాళ్లనెందుకు పంపిస్తారు?

కానీ "గుండెలో రంధ్రం" అని మనం ఒక్క ముక్కలో అనేది ఒక జబ్బు కాదు. పెద్ద వీఎస్‌డీ వేరు, గుండె మధ్యలోనే గోడ సరిగ్గా ఏర్పడని ఏవీఎస్‌డీ వేరు, మా పాపకున్నది ఇంకోటి. టెట్రాలజీలో రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకెళ్లే దారి ఇరుకుగా ఉంటుంది, పెద్ద రక్తనాళం పక్కకి జరిగి రంధ్రం మీద కూర్చుంటుంది, కుడివైపు కండ మందమవుతుంది. ఆ రంధ్రం ఐదేళ్లు కాదు, యాభై ఏళ్లు ఆగినా మూసుకోదు. రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టిన పిల్లలకైతే మొదటి కొన్ని వారాల్లోనే ఆపరేషన్ అయిపోవాలి, వాళ్లకి ఐదేళ్లు ఆగమని చెప్పడమంటే ఏం చెప్పినట్టో ఆ పెద్దాయనకి తెలుసా?

ఇక్కడ ఒక విషయం మాత్రం దయచేసి నెమ్మదిగా చదవండి, నేను ఇదంతా రాస్తున్నదే దీని కోసం. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ పుట్టిన రోజు బానే ఉంటుంది. అప్పుడు ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఇంకా ఎక్కువే ఉంటుంది కాబట్టి రంధ్రంలోంచి రక్తం పెద్దగా అటు పోదు, డాక్టర్ స్టెతస్కోపు పెట్టినా తేడా శబ్దం వినపడకపోవచ్చు. నెలా నెలన్నర గడిచేసరికి ఆ ప్రెషర్ తగ్గుతుంది, అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి వరదలా పోతుంది, అప్పుడే మొదలవుతుంది అసలు కష్టం. పాలు పట్టేటప్పుడు గమనించండి, ఫ్యాను కిందే కూర్చున్నా నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పడుతుంది, నాలుగు గుక్కలు తాగి ఆగిపోతుంది, ఆయాసంతో డొక్కలు ఎగరేస్తుంది, మళ్లీ ఆకలేసి ఏడుస్తుంది, తాగలేదు. బరువు పెరగదు. మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. ఇది చూసి "పాలు సరిపోవట్లేదేమో" అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

అలాగే వదిలేస్తే, కొన్నాళ్లకి ఆయాసం తగ్గుతుంది. అవును, తగ్గుతుంది, బిడ్డ కాస్త ఒళ్లు చేస్తుంది, చెమటలు పోతాయి, ఇంట్లో అందరూ కషాయం పనిచేసిందని దండం పెట్టుకుంటారు. జరిగిందేంటంటే, ఆ వరద తట్టుకోలేక ఊపిరితిత్తుల్లో సన్న రక్తనాళాలు గట్టిపడిపోయాయి, ప్రెషర్ మళ్లీ పెరిగి రంధ్రంలోంచి రక్తం పోవడం తగ్గింది, అందుకని పైకి బాగున్నట్టు కనిపిస్తోంది. ఇంకా ముదిరితే చెడు రక్తం మంచి రక్తంలో కలిసిపోయి పెదాలు నీలం తిరుగుతాయి, దాన్నే ఐసెన్‌మెంగర్ అంటారు. ఆ దశకొచ్చాక రంధ్రం మూయడం కుదరదు, మూస్తే ప్రాణానికే ముప్పు. అందుకే పెద్ద వీఎస్‌డీ అయితే మొదటి ఏడాదిలోనే చేయించమంటారు. "మా వాడికి ఆపరేషన్ లేకుండానే తగ్గింది" అని గ్రూపులో పెట్టేవాళ్లు మంచి మనసుతోనే పెడతారు, కానీ తగ్గిందో లేదో పైకి చూసి చెప్పే రకం కాదిది, ఎకోలో చూడాల్సిందే. శబ్దం బట్టి కూడా చెప్పలేం, చిన్న రంధ్రానికే ఒక్కోసారి శబ్దం గట్టిగా వస్తుంది.

కషాయం సంగతి. తెల్లమద్ది మీద నాకేం కోపం లేదు, పెద్దవాళ్లు వాడుకుంటే వాళ్లిష్టం. కానీ అది తాగితే గోడలో రంధ్రం పూడుకుందని ఎవరూ చూపించలేదు. పైగా ఈ పిల్లల పొట్ట పిడికెడు, ప్రతి చుక్కా పాలకే కావాలి, ఆ పొట్టలో కషాయం పోస్తే పాలు తగ్గుతాయి. లాసిక్స్, డిగాక్సిన్ లాంటి గుండె మందులు నడుస్తుంటే డాక్టర్‌కి చెప్పకుండా ఇంకోటి కలపనే కూడదు, డిగాక్సిన్ అయితే డోసు కాస్త ఎక్కువైనా ప్రమాదమే. తేనె ఏడాది లోపు పిల్లలకి, గుండె బాగున్నా సరే, నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఏడవనివ్వొద్దు అన్నది మాత్రం టెట్రాలజీ పిల్లలకి ఆపరేషన్ కాకముందు కొంత నిజమే. పొద్దున్నే లేవగానే, గుక్కపెట్టి ఏడ్చినప్పుడు, స్నానం తర్వాత ఒక్కోసారి బిడ్డ మొత్తం నీలంగా అయిపోతుంది, ఊపిరి వేగంగా లోతుగా తీస్తుంది, తర్వాత వాలిపోతుంది. అప్పుడు చేయాల్సింది చెప్పకుండా ఏడవనివ్వొద్దని వదిలేస్తే ఎలా? రెండు మోకాళ్లూ మడిచి ఛాతీకి ఆనేలా గట్టిగా గుండెలకి హత్తుకుని సముదాయిస్తూ హాస్పిటల్‌కి బయల్దేరాలి. నడక వచ్చిన పిల్లలు ఆటలో వాళ్లంతట వాళ్లే గొంతుక్కూర్చుంటారు, అదీ అందుకే, దాన్ని అలవాటు అనుకుని తిట్టకండి. ఇంకోటి మన ఊరి వాళ్లకి చెప్పాలి, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో నీలం పిల్లలకి ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. వాళ్ల రక్తం ముందే చిక్కగా ఉంటుంది, విరేచనాలో వాంతులో పట్టుకుంటే అదే రోజు చూపించాలి.

ఆపరేషన్ అయిన పిల్లల్ని ఆడనివ్వొద్దనడం అన్యాయం. మొదటి ఆరేడు వారాలు కోసిన ఛాతీ ఎముక అతుక్కునే దాకా జాగ్రత్త, చంకల కింద చేతులేసి ఎత్తకూడదు, ఒక చెయ్యి పిర్రల కింద, ఒక చెయ్యి వీపు వెనక పెట్టి ఎత్తాలి. చూడ్డానికొచ్చిన ప్రతి పిన్నికీ బాబాయికీ గుమ్మంలోనే చెప్పేదాన్ని. ఆ తర్వాత చాలామంది పిల్లలు మామూలుగా పరిగెత్తొచ్చు, కొన్ని జబ్బుల్లో పరిమితులుంటాయి, అవి మీ కార్డియాలజిస్ట్ చెప్తారు.

టీకాలు వేయించొద్దనడం అన్నిటికంటే దారుణం. నిమ్ము వస్తే తట్టుకోలేని పిల్లలు వీళ్లే, నిమ్ము నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి గవర్నమెంటులో ఉచితంగా వేస్తున్నది వీళ్లకి ఇంకా ముఖ్యం. ఆపరేషన్‌లో రక్తం ఎక్కిస్తే ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా) లాంటివి కొన్ని నెలలు ఆగి వేయమంటారు, అంతే. పళ్లు కూడా శుభ్రంగా ఉంచాలి, పుచ్చు పళ్లలోంచి క్రిములు రక్తంలోకెళ్లి గుండెకి పట్టొచ్చు.

డబ్బు భయం నిజమైన భయం, దాన్ని తీసిపారేయను. అందుకే చెప్తున్నా, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్యం చూసే గవర్నమెంటు పథకం టీములు అంగన్‌వాడీలకీ స్కూళ్లకీ వచ్చి చూస్తాయి, పుట్టుక గుండె జబ్బులు వాళ్ల లిస్టులో ఉన్నాయి, ఏఎన్‌ఎమ్‌ని అడగండి. తిరుపతిలో టీటీడీ వాళ్ల పద్మావతి పిల్లల గుండె ఆస్పత్రి 2021లో మొదలైంది.

చివరిది గ్రహణం. ఇది నన్ను కూడా అడిగారు, అదీ ఐసీయూ బయట కూర్చున్నప్పుడు. బిడ్డ గుండె ఎనిమిదో వారానికల్లా ఏర్పడిపోతుంది, చాలామందికి నెల తప్పిందని గట్టిగా తెలిసేదే అప్పుడు. ఏడో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే కట్టేసిన గోడకి రంధ్రం పెట్టదు. ప్రపంచంలో ఏ దేశంలో చూసినా వందలో ఒక బిడ్డకి దాదాపుగా ఏదో ఒక పుట్టుక గుండె జబ్బు ఉంటుంది, ఎక్కువమందిలో ఒక్క కారణం చూపించలేరు. తల్లికి ముందునుంచీ షుగరుండటం, మొదటి నెలల్లో రుబెల్లా రావడం, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉండటం, దగ్గరి మేనరికాలు లాంటివి అవకాశం పెంచుతాయి. మేనరికం చేసింది ఇంటి పెద్దలు, నిందేమో కోడలికి. ఒక బిడ్డకి ఉంటే తర్వాతి కాన్పులో అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫ్ఫా స్కాన్‌తో సరిపెట్టుకోకుండా 18 నుంచి 24 వారాల మధ్య కడుపులో బిడ్డ గుండెని చూసే ఫీటల్ ఎకో చేయించమని అడగండి, మొదటి బిడ్డ రిపోర్టులు కూడా వెంట తీసుకెళ్లండి.