మెడ బిగిస్తే చెయ్యి కదిలినట్టా?

ఒడిశాలోని బరంపురంలో గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయన నాడె విసిరేటప్పుడు చేతివైపు చూడరు. ఎలా అని అడిగితే ‘అలవాటు’ అంటారు. ఆయనకే పక్షవాతం వస్తే ఆ అలవాటు మెదడులో ఎక్కడ ఉండేదో వెతుక్కోవాలి.

1980ల్లో మెదడు శాస్త్రవేత్త జార్జోపౌలోస్ బృందం కోతుల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి తేల్చింది. కదలికను నడిపే నాడీకణాల్లో ఒక్కోదానికి ఒక్కో దిశ మీద మక్కువ. చెయ్యి ఎటు వెళ్తుందో అవన్నీ కలిసి వేసే ఓటును బట్టి తెలుస్తుంది. ఆ ఓట్లు ఎవరైనా లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ లెక్క మెషిన్ లెర్నింగ్ చేతికి, అంటే ఉదాహరణలు చూసి తనే నేర్చుకునే కంప్యూటర్ మోడల్ చేతికి వచ్చింది. 2021లో అమెరికాలో, చేతులు పనిచేయని ఒకాయన రాస్తున్నట్టు అనుకుంటే చాలు, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్ల (సంకేతాలు పట్టే సన్నని తీగల) సాయంతో కంప్యూటర్ నిమిషానికి సుమారు 90 అక్షరాలు రాసింది. సంతోషమే. మన జిల్లాల దాకా ముందుగా వచ్చేది మాత్రం తలకు టోపీలా పెట్టి, మెదడు విద్యుత్ సంకేతాలను పైనుంచే పట్టే ఈఈజీ. అందులో మెదడు సంకేతం చాలా బలహీనం. పళ్లు బిగించినా, మెడ బిగించినా ఆ కండరాల గోల దాన్ని మింగేస్తుంది. చెయ్యి ఎత్తబోతూ మెడ బిగించే వాళ్లు ఎందరో. మోడల్ ఆ మెడను పట్టుకుని ‘చెయ్యి లేస్తోంది’ అని చెప్పి మార్కులు కొట్టేయగలదు, పక్కవాడి పేపరు చూసి రాసిన కుర్రాడిలా. రోగి దగ్గరికి వచ్చేసరికి బండారం బయటపడుతుంది.

అందుకే దేన్ని చూసి చెప్పిందో విప్పి చూపగల మోడళ్లే కావాలంటున్నాం. అలాగని మోడల్ తలలో ఏ చోటుకు ఎంత విలువ ఇచ్చిందో చెప్పే రంగుల బొమ్మ చూపించగానే నమ్మేయనక్కర్లేదు. గోలను తీసేయడానికే మోడల్ ఒక ఎలక్ట్రోడ్‌కు ఎక్కువ విలువ ఇవ్వొచ్చు; అక్కడే మెదడు పనిచేసిందని చదివితే పప్పులో కాలేసినట్టే.

బరంపురంలో మెడికల్ కాలేజీ ఎప్పటినుంచో ఉంది, 2016 నుంచి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధనా సంస్థ) ఉంది, నేతగాళ్ల వీధులూ ఉన్నాయి. ఇలాంటి పరిశోధనకు ప్రభుత్వం డబ్బిచ్చేటప్పుడు మోడల్ ఎన్నిసార్లు సరిగ్గా చెప్పిందో అడిగితే సరిపోదు. మెడ, దవడ కండరాలను వేరుగా రికార్డు చేసి, వాటి గోల తీసేశాక కూడా ఎంత సరిగ్గా చెప్పిందో రాసివ్వమనాలి. ఇంకో చిన్న మాట. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఒడియా ధారాళంగా మాట్లాడుతూ, చదవడం మాత్రం తెలుగే వచ్చిన మనవాళ్లు ఉన్నారు. టోపీ పెట్టే ముందు వాళ్ల చేత సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి.