రక్తబీజుడు, హాల్‌టికెట్

ఆ రాత్రి మా ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగింది. లోపల ఏ ప్రోగ్రాము ఇంతగా రొప్పుతోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిస్తే, వరసగా 'సర్వీస్ హోస్ట్'లు తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఇంతకంటే మంచి టూల్ ఏదైనా ఉచితంగా దొరుకుతుందేమోనని వెతికాను. ఉచితం అంటే నాకు పెళ్లి భోజనమే. ఏ ఐటమూ వదలను.

మొదట దింపిన టూల్ ఇద్దరు చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చింది. ఒకటి బ్రౌజరు మొదటి పేజీ మార్చేసింది. రెండోది 'మీ కంప్యూటర్లో 1,428 లోపాలున్నాయి, డబ్బు కడితే బాగుచేస్తాం' అంది. ముగ్గుర్నీ గెంటేసి, చివరికి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దగ్గర ఆగాను. మార్క్ రస్సినోవిచ్ రాసింది. ఆయన సంస్థ సిస్‌ఇంటర్నల్స్‌ని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది గానీ టూల్ ఇప్పటికీ ఉచితమే, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. నిజంగా మంచి టూలే. నా చేతిలో పడటమే దాని ఖర్మ.

అందులో ఏ ప్రోగ్రాము ఎవరి కడుపున పుట్టిందో వంశవృక్షంలా కనిపిస్తుంది. కొత్తగా పుట్టింది ఒక్క క్షణం పచ్చగా మెరుస్తుంది, చచ్చేది ఎర్రబడి మాయమవుతుంది. తెరవెనక పనిచేసే సర్వీసులది గులాబీ రంగు. అన్నిటికంటే పైన 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' 62 శాతం మింగుతూ కూర్చుంది. దొంగ దొరికాడని చంపబోతే చావదే! సీపీయూ పనిలేకుండా ఉన్న సమయాన్నే అలా చూపిస్తారట.

దొంగ దొరక్కపోయినా కోపం మాత్రం మిగిలింది. కిందికి వెళ్తే గులాబీ రంగులో 'స్పూల్‌ఎస్‌వి' అని ఒకటి. పేరే వైరస్‌లా ఉంది. 'కిల్ ప్రాసెస్' నొక్కాను. ఎర్రబడింది, పోయింది. కాసేపటికి పచ్చగా మళ్లీ మొలిచింది! మళ్లీ చంపాను, మళ్లీ లేచింది. అచ్చం రక్తబీజుడే. మూడో దెబ్బకి ఇంక లేవలేదు.

"చచ్చింది!" అన్నాను మా ఆవిడతో.

"ఫ్యాను ఇంకా మోగుతోందిగా. ముందు దాన్ని ఆ బొంత మీంచి తీసి బల్ల మీద పెట్టండి."

పెట్టాను. పది నిమిషాల్లో ఫ్యాను చల్లబడింది. ఆ ఘనత మాత్రం నా ఖాతాలోనే రాసుకుని పడుకున్నాను.

పొద్దున్న ఏడున్నరకి మా అమ్మాయి కేకేసింది. "నాన్నా, హాల్‌టికెట్ ప్రింట్ రావట్లేదు. ప్రింట్ స్పూలర్ ఏదో నడవడం లేదంటోంది!"

స్పూలర్. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూనే చెప్పులేసుకుని జిరాక్స్ షాపుకి పరిగెత్తాను.

"ఇంట్లో ప్రింటర్ లేదా సార్?" అడిగాడు షాపు కుర్రాడు.

"ఉంది. రాత్రి స్పూలర్‌ని నేనే చంపాను. మూడుసార్లు."

కుర్రాడు నా వంక జాలిగా చూసి పది రూపాయలు తీసుకున్నాడు. "సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేస్తే అదే లేచేది కదా సార్!"