రాక్షస గుళ్ళు తవ్వాలా, వదలాలా?

సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ ఇనుప యుగం నాటి ఒక పెద్ద రాతి సమాధిని తవ్వింది. ఇలాంటివాటినే ఊళ్ళలో రాక్షస గుళ్ళంటారు. మీద కప్పిన బండే నలభై టన్నుల పైమాట, క్రేన్లు పెట్టి లేపారు. ఆ దాపులోని ఊళ్ళో ఒక రైతుకూ, పట్నంలో చరిత్ర చదువుతున్న అతని తమ్ముడి కూతురికీ నడిచిన వాదం ఇది. వాళ్ళ పొలంలోనూ అలాంటి సమాధి చుట్టూ ఉండే రాళ్ళ వలయం ఒకటుంది.

పెద్దబాపు: సచ్చినోళ్ళ జోలికి పోవుడెందుకు బిడ్డా? రేపు మన బొందలగడ్డ మీదికి క్రేను తెస్తే ఊకుంటవా?

బిడ్డ: మనోళ్ళకు పెత్రమాసకు బియ్యమిచ్చే వారసులున్నరు. వీళ్ళకెవరున్నరు? రాక్షస గుళ్ళని పేరు పెట్టి మనమే వాళ్ళను రాక్షసులను జేసినం. తవ్వితెనే కదా, అండ్ల ఉన్నది మనంతటి మనుషులేనని తెలిసింది!

పెద్దబాపు: ఇంకేం తెలిసింది?

బిడ్డ: చానా సమాధులల్ల పూర్తి శవముండదు. ముందు వేరే తావుల ఉంచి, మాంసం పోయినంక ఏరిన ఎముకలే తెచ్చి రాతిపలకల అరల పెట్టేటోళ్ళు. ఒక్కోదాంట్ల ఇద్దరు ముగ్గురివి గూడ దొరుకుతయ్. పక్కన ఇనుప కత్తులు, పూసలు, నలుపు ఎరుపు కుండలు. కుండను బోర్లించి కాలిస్తే గాలాడని లోపల, మూతి కాడ నల్లగైతది, బయట ఎర్రగైతది. కొన్ని అరలకు ఒక పలకల గుండ్రటి తూటు గూడ ఉంటది.

పెద్దబాపు: తూటెందుకు?

బిడ్డ: తర్వాత పోయినోళ్ళ ఎముకలు పెట్టనీకని కొందరు, ఆత్మ వచ్చిపోనీకని కొందరు.

పెద్దబాపు: అంటే తవ్వినా తెల్వలే!

(ఈ ఒక్క మాటకు మాత్రం పెద్దాయనదే పైచేయి.)

పెద్దబాపు: కృష్ణ ఒడ్డున ముడుమాల సూడు. నిలువురాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప అన్నరు, ఒక రాయిని ఎల్లమ్మని మొక్కుతున్నరు. ఆ రాళ్ళను కాపాడింది మొక్కు, గడ్డపార గాదు.

బిడ్డ: నిజమే, 2025ల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాల గూడ చేరినయ్. మొక్కని రాళ్ళ సంగతేంది మరి? క్వారీలకు పోయినయ్, ఇండ్ల పునాదులల్ల పడ్డయ్. లంకెబిందెలున్నయని రాత్రిపూట తవ్వేటోడు కుండ పలగ్గొట్టి పోతడు. ఏది ఎక్కడుండెనో కొలత లేదు, ఫొటో లేదు.

పెద్దబాపు: ఆ దొంగలకు జాడ చెప్పేది మీ పేపరోళ్ళే గదనే! దొరికినయి పట్నం పోతయ్, ఊరికి గుంత మిగులుతది.

బిడ్డ: గుంత ముచ్చట్ల నేను నీ దిక్కే. దొరికిన ఊళ్ళెనే ఒక గది కట్టి పెట్టాలె. అట్ల పెడితే మన రాళ్ళ గురించి పురావస్తు శాఖోళ్ళకు చెప్పనిస్తవా?

పెద్దబాపు: చెప్పకు. మా నాయిన నాగలి పక్కకు తిప్పిండు, నేను గూడ తిప్పుతున్న.

బిడ్డ: పొలం కౌలుకిచ్చినంక ట్రాక్టరోడు తిప్పుతడా?

పెద్దబాపు: … కౌలు కాయితంల రాపిస్త.