మానవ ప్రత్యుత్పత్తి పాఠానికి అత్యవసర సవరణలు

ఇంటర్ సెకండియర్ జువాలజీ పుస్తకం రాసిన పెద్దలకు నమస్కరించి విన్నవించుకునేది ఏమంటే, మీ మానవ ప్రత్యుత్పత్తి పాఠం మన ఇళ్లలో ఎక్కడా చెల్లడం లేదు. పిల్లలు పాపం రాత్రీపగలూ బట్టీ పట్టి నీట్‌లో బిట్లు కొట్టుకొస్తున్నారు, గుమ్మం దాటి లోపలికొచ్చాక ఒక్క ముక్క పనికిరావడం లేదు. ఇళ్లను మార్చడం ఎటూ మన వల్ల కాదు కాబట్టి పుస్తకాన్నే మార్చేస్తే గొడవ వదిలిపోతుంది.

ముందుగా ఆ క్రోమోజోముల పేజీ. అండంలో ఉండేది ఎప్పుడూ ఎక్సే, శుక్రకణాల్లోనే కొన్ని ఎక్స్‌వి కొన్ని వైవి, కాబట్టి ఆడో మగో తేలేది తండ్రి కణంతోనే అని రాశారు. ఇది రాసి మార్కులు తెచ్చుకున్న కుర్రాడే పదేళ్ల తర్వాత, రెండో కాన్పులోనూ ఆడపిల్లే అని నర్సు చెప్పగానే, హాస్పిటల్ వరండాలో ఫోన్ చెవిన పెట్టుకుని "ఏం చేస్తాం మావయ్యా, మన రాత" అని నిట్టూరుస్తాడు. అవతల ఫోన్లో ఉన్న మావగారు అల్లుడికి క్షమాపణ చెప్పుకుంటాడు కూడా! అందుకని ఇలా సవరించండి: వై క్రోమోజోమును కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకోవాలి. కట్నంతో పాటే మాట్లాడుకోవాల్సింది, తొందరలో మర్చిపోయారు.

ఇక స్కానింగ్. రిసెప్షన్ వెనక గోడకి "ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అని బోర్డు ఉంటుంది. సరిగ్గా దాని కింద కుర్చీలో అత్తగారుంటారు. టిఫా స్కాన్ అయి, పొట్ట మీది జెల్ ఇంకా పూర్తిగా తుడుచుకోని కోడల్ని అక్కడే నిలబెట్టి ఆవిడ ఆయమ్మను పక్కకి తీసుకెళ్తారు, చేతిలో మడతపెట్టిన నోటుతో. 1994 నాటి చట్టమేమో, ఆడో మగో చెప్పేసిన డాక్టరునే కాదు, అలా తెలుసుకోవాలని వచ్చినవాళ్లను కూడా మూడేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చంటుంది, పైగా ఆ వచ్చినవాళ్లకి 50 వేల దాకా జరిమానా. గర్భిణిని మాత్రం ఇంట్లోవాళ్లే బలవంతపెట్టి ఉంటారని ముందే అనుకుని వదిలేస్తుంది. చట్టం రాసినాయన మన ఇళ్లలో కొన్నాళ్లు అద్దెకున్నాడేమో అని నా అనుమానం. 18 నుంచి 22 వారాల మధ్య ఈ స్కాన్ చేసేది బిడ్డ గుండె గదులు, వెన్నెముక, మెదడు, కిడ్నీలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి. అంతసేపూ కళ్లు చికిలించి చూసిన డాక్టరు "అన్నీ బాగున్నాయమ్మా" అంటే "అంతేనా?" అని మొహం వేలాడేస్తారు. కాబట్టి ఈ స్కాన్ గురించి పుస్తకంలో రాయకండి, ఉత్త టైం వేస్ట్.

డబుల్ మార్కర్ గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే దాన్ని మనవాళ్లు ఎంట్రెన్స్ పరీక్ష కింద లెక్కేస్తున్నారు. మూడో నెలలో రక్తం తీసి, బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్‌తో కలిపి చూసి, ఒక క్రోమోజోము ఎక్కువవడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ అవకాశం 1:200 అని రిపోర్ట్ ఇస్తారనుకోండి, ఒకాయన "రెండొందల్లో ఫస్టా?" అని సంబరపడతాడు, ఇంకొకావిడ "ఫెయిలైంది" అని ఊరంతా ఫోన్లు చేస్తుంది. అలాంటి రిపోర్ట్ వచ్చిన 200 మందిలో 199 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదని, ఇది జల్లెడ పట్టడమే తప్ప తీర్పు కాదని, తేల్చుకోవాలంటే 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి క్రోమోజోములు చూడాలని చెప్పేలోపు ఇంట్లో ఏడుపులు మొదలై, జాతకాలు బయటికొచ్చి, కోడలి వైపు ఎవరికో మతి సరిగా ఉండేది కాదన్న సంగతి కూడా తవ్వి తీస్తారు.

గ్రహణం గురించి మీరసలు పట్టించుకోలేదు, చాలా పెద్ద లోపం. ఏడో నెల గర్భిణిని గ్రహణం విడిచేదాకా కదలకుండా వెల్లకిలా పడుకోబెడతారు, బిడ్డకి మొర్రి రాకూడదని. పిండం పై పెదవి ఏడు వారాలకల్లా అతుక్కోవడం పూర్తవుతుందని మీ శాస్త్రం చెబుతుంది సరే, సూర్యుడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? అదే ఇంట్లో మేనమామకిచ్చి చేసిన పెళ్లి గురించి ఎవ్వరూ కిక్కురుమనరు. జెనెటిక్స్ క్లాసులో వంశవృక్షం గీసి, రక్తసంబంధంలో పెళ్లయితే రెండు గీతలు పెట్టాలని నేర్చుకున్న పిల్ల, ఆ రెండు గీతలూ స్కేలు పెట్టి నీటుగా గీసి, సెలవులకి ఇంటికెళ్లి బావకి కాఫీ ఇస్తుంది. మేనరికంలో తలసీమియా లాంటి జబ్బు జన్యువు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుందని, పెళ్లికి ముందే రక్తపరీక్షతో అది బయటపడుతుందని అంటే "మన రక్తాన్నే అనుమానిస్తావా" అంటారు. ఆ రెండు గీతల్ని తోరణాలుగా మార్చి అచ్చేస్తే బాగుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా సవరించాల్సింది సంతానలేమి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అతనికి చేసే మొదటి పరీక్ష అన్నిటికన్నా చవక, సూది గుచ్చేది కూడా లేదు, రెండు మూడు రోజులు ఆగి ఒక ప్లాస్టిక్ డబ్బాలో వీర్యం శాంపిల్ ఇవ్వడమే. కానీ ఆ డబ్బా చేతికొచ్చే రోజునే అతనికి ఆఫీసులో ఆడిటింగ్ పడుతుంది. ఈలోగా ఆమెకి హార్మోన్ టెస్టులవుతాయి, అండం ఎంత పెరిగిందో చూసే ఫాలిక్యులర్ స్కానులు రోజు విడిచి రోజు అవుతాయి, ట్యూబులు మూసుకుపోయాయేమో అని డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, ఆ నొప్పికి పళ్లు బిగపట్టుకుని బయటికొస్తే కారులో అత్తగారు "మా వంశంలో ఎవరికీ ఈ ఇబ్బంది లేదమ్మా" అని ఓదారుస్తారు.

కాబట్టి వచ్చే ఏడు ప్రశ్నపత్రంలో ఈ బిట్ తప్పకుండా ఉండాలి. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు, మొదట ఎవరిని పరీక్షించాలి? (అ) కోడలిని (ఆ) కోడలిని, వేరే హాస్పిటల్లో (ఇ) కోడలి జాతకాన్ని (ఈ) పైవన్నీ. భర్తని అనే ఆప్షన్ మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి, అవుటాఫ్ సిలబస్ అని పేరెంట్సంతా బోర్డు ఆఫీసు ముందు ధర్నాకి కూర్చుంటారు.