ఖాళీ హాలు, కిక్కిరిసిన వంటిల్లు

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాక ఇంటీరియర్ డిజైనర్‌ను కలిసే దంపతులు ఈ మధ్య తరచుగా కోరుతున్నది ఇల్లంతా మినిమలిస్ట్‌గా, అంటే తక్కువ వస్తువులతో సాదాగా ఉండాలని. డిజైనర్ చూపించే త్రీడీ బొమ్మల్లో తెల్లటి గోడలు, బూడిద రంగు సోఫా, హ్యాండిల్స్ లేని కబోర్డులు, టీపాయ్ మీద ఒంటరి పూలకుండీ ఉంటాయి. పాతిక కిలోల బియ్యం బస్తా, గ్రైండరు, ఆవకాయ జాడీలు, ఏడాదికోసారి దించే బొమ్మల కొలువు పెట్టె మాత్రం ఏ బొమ్మలోనూ కనిపించవు. మినిమలిజాన్ని మనం ఇంట్లోని సామాను లెక్కతో మొదలుపెట్టకుండా, పెయింటు రంగులాగా ఎంచుకుంటున్నాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. ఆధునిక వాస్తుశిల్పంలో నిరాడంబరతకు మారుపేరైన మీస్ వాన్ డెర్ రో, అమెరికాలోని ప్లానోలో డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ కోసం కట్టిన గాజు గోడల ఇల్లు 1951లో పూర్తయింది. సింక్ కింద చెత్తబుట్ట పెడితే దారిలోంచే కనిపించి ఇంటి అందం చెడుతుందని, అందుకే దాన్ని దూరంగా అలమరలో దాచుకుంటున్నానని 1953లో ఆవిడే ఒక పత్రికకు చెప్పుకొచ్చారు.

పైగా సాదాగా కనిపించడం చవక వ్యవహారం కాదు. తలుపు చట్రానికీ గోడకూ మధ్య సందును మామూలుగా బీడింగ్ అనే సన్నటి పట్టీ కప్పేస్తుంది. అది వద్దనుకుంటే ప్లాస్టరింగ్ వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి, అంత చెయ్యి తిరిగిన పనివాడి కూలి అందుకు తగ్గట్టే ఉంటుంది. మా వంటింట్లో హ్యాండిల్స్ బదులు గోలా ప్రొఫైల్, అంటే కబోర్డు తలుపు అంచు వెనక వేళ్లు దూర్చి లాగే గాడి, పెట్టించాం. తాలింపు జిడ్డూ పిండీ కలిసి ఆ గాడిలో గట్టిపడుతుంటే, వారం వారం పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సి వస్తోంది. హ్యాండిలైతే తడిగుడ్డతో ఒక్క తుడుపు సరిపోయేది.

మన పాత ఇళ్లలో పగలు నులక మంచాన్ని గోడకు నిలబెట్టి, చాపలు చుట్టి మూలన పెట్టేవారు. పగలు విస్తళ్లు వేసిన గదిలోనే రాత్రి పక్కలు పరిచేవారు. అందులో లేమి పాలు కూడా ఉంది కాబట్టి మరీ మురిసిపోనక్కర్లేదు గానీ, గదిని ఒకే పనికి కట్టేయకపోవడమన్న పద్ధతి రెండు పడక గదుల ఫ్లాటుకు తెల్ల గోడలకన్నా ఎక్కువ ఉపకరిస్తుంది. ఇక గది ఎత్తులో అరడుగు మింగే ఫాల్స్ సీలింగ్‌ను ఇల్లంతా వేయించి, దాన్ని మినిమలిజం అనడం నాకైతే వింతగానే తోస్తుంది.

డిజైనర్‌ను కలవకముందే వంటింటి సామాను నేల మీద పరిచి లెక్కపెట్టుకోవాలి. రోజూ వాడేవి నడుము ఎత్తులోకి, పండుగ సామాను అటక మీదికి పోగా, మిగిలిన వాటిలో ఏడాదిగా చెయ్యి పడనివి ఇచ్చేయవచ్చు. హాల్లో గోడంత టీవీ యూనిట్ మానేసి, ఆ డబ్బుతో వంటింటి పక్కన చిన్న స్టోరు చేయించుకుంటే, బియ్యం బస్తా డైనింగ్ టేబుల్ కిందికి చేరదు.