గేటుకి తాళం వేసి దాన్నే పోటీ అంటారా?

"ఇంకో లాంచర్ వేసుకుంటే పోయేదేముంది, ఫ్రీనే కదా." ఒక గేమ్‌ని ఒకే ఆన్‌లైన్ స్టోర్లో, ఆ స్టోర్ యాప్ అయిన లాంచర్ ద్వారానే దొరికేలా చేసే ఎక్స్‌క్లూజివ్‌ల గొడవ పీసీ గేమర్స్ మధ్య లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అనేసి చేతులు దులిపేసుకుంటారు. ఆ వెనకే ఇంకొకరొచ్చి, పీసీ గేమ్స్ స్టోర్లలో అన్నిటికన్నా పెద్దదైన స్టీమ్ ఒక్కదాని పెత్తనం ఉండకూడదు, పోటీ ఉంటే మనకే మంచిది అంటారు. మొదటి మాటకి మాకు విసుగొస్తుంది. రెండో మాటకి మాత్రం నిజంగా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఎక్కడా లేని పోటీ పేరు చెప్పి గేమర్ చేతిలో ఉన్న ఎంపికని లాక్కుంటున్నారు, లాక్కున్నాక థాంక్స్ కూడా చెప్పమంటున్నారు.

పోటీ అంటే ఏంటో ముందు తేల్చుకుందాం. ఒకే గేమ్ నాలుగు స్టోర్లలో ఉండాలి. ఒకడు ధర తగ్గిస్తాడు, ఒకడు రిఫండ్ ఈజీగా ఇస్తాడు, ఒకడి దగ్గర డౌన్‌లోడ్ స్పీడ్ బాగుంటుంది, ఇంకొకడు మన సేవ్ ఫైల్స్ పోకుండా చూస్తాడు, మనకి ఎవడు నచ్చితే వాడి దగ్గర కొంటాం, నచ్చనోడు మన కోసం మారతాడు. అదీ పోటీ. గేమ్ ఒక్క స్టోర్లోనే దొరికేటట్టు చేసి, ఇష్టమైతే ఇక్కడ కొను లేకపోతే మానెయ్ అంటే అందులో పోటీ ఏముంది? ఆ స్టోర్ బాగుండాల్సిన అవసరమే లేదు. అది ఎంత దరిద్రంగా ఉన్నా మనం అక్కడికే పోవాలి, ఎందుకంటే గేమ్ అక్కడే కట్టేసి ఉంది.

పాత కథ అందరికీ తెలిసిందే, అయినా వరసగా చూస్తే గానీ ఇది ఎంత కాలంగా నడుస్తోందో అర్థం కాదు. 2011లో గేమ్స్ కంపెనీ ఈఏ సొంత స్టోర్ ఆరిజిన్ పెట్టింది, బ్యాటిల్‌ఫీల్డ్ 3ని స్టీమ్ గుమ్మం తొక్కనివ్వలేదు, 2012లో మాస్ ఎఫెక్ట్ 3ది కూడా అదే దారి, ఒక సిరీస్‌లో మొదటి రెండు భాగాలు ఒక లైబ్రరీలో మూడోది ఇంకో లైబ్రరీలో. 2018లో యాక్టివిజన్ కాల్ ఆఫ్ డ్యూటీని బ్యాటిల్ డాట్ నెట్‌కి తీసుకెళ్లింది, అదే ఏడాది బెథెస్డా ఫాలౌట్ 76ని సొంత లాంచర్లో పెట్టుకుంది, 2019లో యూబీసాఫ్ట్ కొత్త గేమ్స్ స్టీమ్‌కి ఇవ్వడం ఆపేసింది. అందరూ చెప్పింది ఒకటే, ప్లేయర్లతో నేరుగా సంబంధం కోసమట, ఇంకా మంచి అనుభవం ఇవ్వడం కోసమట.

తర్వాత ఏమైంది? ఈఏ 2019లో తిరిగొచ్చింది. ఫాలౌట్ 76 2020లో వచ్చింది, 2022లో బెథెస్డా లాంచరే మూసేసి జనాన్ని స్టీమ్‌కి పంపేశారు. కాల్ ఆఫ్ డ్యూటీ 2022 అక్టోబర్లో వచ్చింది, యూబీసాఫ్ట్ అదే ఏడాది చివర్లో వచ్చింది. ఒక్కొక్కరుగా అందరూ వెనక్కొచ్చారు. ఆ మంచి అనుభవం అంత గొప్పదైతే ఎందుకు రావాల్సి వచ్చింది? పోనీ వచ్చినవాళ్లు ఈ మధ్యలో మన లైబ్రరీలు మూడు ముక్కలు చేసినందుకు సారీ చెప్పారా అంటే అదీ లేదు. పైగా లాంచర్లని కూడా వెంటబెట్టుకొచ్చారు. స్టీమ్‌లో డబ్బులు కట్టి కొన్న యూబీసాఫ్ట్ గేమ్ ప్లే బటన్ నొక్కితే యూబీసాఫ్ట్ కనెక్ట్ లేస్తుంది, దానికో అకౌంట్, దానికో పాస్‌వర్డ్, ఆ సర్వర్ పడుకుంటే మన సాయంత్రం కూడా పడుకున్నట్టే.

ఇప్పుడు ఎపిక్ అనే గేమ్స్ కంపెనీ సంగతి. 2018 డిసెంబర్లో స్టోర్ మొదలుపెట్టారు, డెవలపర్ దగ్గర అమ్మకాల్లో 12 శాతమే తీసుకుంటాం అన్నారు, స్టీమ్ మామూలుగా 30 తీసుకుంటుంది. ఇది మంచి మాట, ఇక్కడి వరకూ మాకు పేచీ లేదు. కానీ ఆ 12 శాతాన్ని నమ్ముకుని నిలబడలేదు వాళ్లు. నోట్ల కట్టలు పట్టుకుని గేమ్స్‌ని ఏడాదేసి పాటు బయట దొరక్కుండా చేసే పనిలో పడ్డారు. మెట్రో ఎక్సోడస్ నెలల తరబడి స్టీమ్‌లో ప్రీ-ఆర్డర్లు తీసుకుంది, 2019 ఫిబ్రవరి 15న రిలీజ్ అనగా జనవరి చివర్లో, రెండున్నర వారాల ముందు, అక్కడ అమ్మకం ఆపేసి ఎపిక్‌కి వెళ్లిపోయింది. అప్పటికే కొన్నవాళ్లకి స్టీమ్‌లోనే ఇచ్చారు, నిజమే, మిగతా వాళ్లు మాత్రం ఏడాది ఆగారు.

అంతకన్నా ఘోరం ఫీనిక్స్ పాయింట్, షెన్మూ 3. ఈ రెండూ జనం చందాలతో మొదలైన గేమ్స్. ఇంకా గేమే లేని రోజుల్లో, నమ్మకం తప్ప చేతిలో ఏమీ లేని రోజుల్లో డబ్బులిచ్చిన వాళ్లు వీళ్లు. వాళ్లకి స్టీమ్ కీ, అంటే గేమ్ స్టీమ్‌లో తెరుచుకునే కోడ్, ఇస్తామని మాటిచ్చారు. 2019లో ఎపిక్ డబ్బు రాగానే ఆ మాట పక్కన పెట్టారు, అడిగితే రిఫండ్ తీసుకోండి అన్నారు. డబ్బు వెనక్కిస్తే లెక్క సరిపోయిందని ఎలా అనుకున్నారో మాకైతే అర్థం కాదు. ఎవరూ నమ్మని రోజున నమ్మినవాడికి ఇచ్చిన మాటకే విలువ లేకపోతే, రేపు మామూలు కస్టమర్‌కి ఇచ్చే మాటకి ఏం విలువ ఉంటుంది?

ఇంత చేసి ఆ స్టోర్లో ఏముందీ అంటే, చాలా కాలం షాపింగ్ కార్ట్ కూడా లేదు. ఒకేసారి రెండు గేమ్స్ కొనడానికి కార్ట్ అనేది ఎపిక్ స్టోర్లో వచ్చింది 2021 డిసెంబర్లో, స్టోర్ తెరిచిన మూడేళ్లకి. నిజంగా పోటీ ఉండి ఉంటే మూడేళ్లు కార్ట్ లేని స్టోర్ బతికేదా? గేమ్స్ కట్టేసి పెట్టుకున్నారు కాబట్టే ఎవరూ తొందరపడలేదు. తగ్గిన కమిషన్ వల్ల ధరలు తగ్గాయా అంటే, మెట్రో ఎక్సోడస్ అమెరికాలో 60 డాలర్లది 50కి ఇచ్చారు, ఒప్పుకుంటాం. బోర్డర్‌ల్యాండ్స్ 3 మాత్రం మళ్లీ 60కే వచ్చింది.

స్టీమ్ 30 శాతం ఎక్కువ, చిన్న డెవలపర్లకి ఎపిక్ ముందే ఇచ్చే డబ్బు ప్రాణం పోస్తుంది, పబ్లిషర్ తన సరుకు తనకి నచ్చిన చోట అమ్ముకోవచ్చు, ఈ మూడు వాదనలూ మాకు తెలుసు, మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయినా ఇవన్నీ స్టోర్‌కీ డెవలపర్‌కీ మధ్య లెక్కలు, వాటి కోసం కొనేవాడి ఎంపిక ఎందుకు బలి కావాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఎపిక్ అధినేత టిమ్ స్వీనీయే 2019 ఏప్రిల్లో అన్నారు, స్టీమ్ గనక పెద్ద షరతుల్లేకుండా అందరు డెవలపర్లకీ 88 శాతం ఇస్తానని ఒప్పుకుంటే మేం ఎక్స్‌క్లూజివ్‌ల నుంచి వెనక్కి తగ్గుతాం అని. అంటే ఏంటి అర్థం? ఈ ఎక్స్‌క్లూజివ్‌లు గేమర్ కోసం పుట్టినవి కావు, స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ మెడలు వంచడానికి వాడుతున్న కర్ర. ఆ కర్ర దెబ్బ తగులుతున్నది మాత్రం మనకి.

అదే ఎపిక్ 2020 ఆగస్టులో యాపిల్ మీద కోర్టుకెళ్లింది. ఎందుకు? ఐఫోన్‌లో యాప్ కొనాలంటే ఒక్క స్టోరే ఉండటం అన్యాయం, వాడేవాళ్లకి ఎంపిక ఉండాలి అని. మేం ఆ వాదనతో ఏకీభవిస్తాం, వంద శాతం ఏకీభవిస్తాం. మరి అదే వాదన పీసీ దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది? ఫోన్‌లో ఒక్కటే గేటు ఉంటే గుత్తాధిపత్యం, కంప్యూటర్లో ఒక గేమ్‌కి డబ్బిచ్చి ఒక్కటే గేటు పెట్టిస్తే పోటీనా? రాకెట్ లీగ్ గేమ్ చేసిన సైయోనిక్స్ కంపెనీని ఎపిక్ వాళ్లు 2019లో కొన్నారు, 2015 నుంచీ స్టీమ్‌లో ఉన్న ఆ గేమ్‌ని 2020 సెప్టెంబర్ నుంచి కొత్తవాళ్లకి స్టీమ్‌లో దొరక్కుండా చేశారు, అంటే యాపిల్ మీద కేసు వేసిన మరుసటి నెలలో. కోర్టులో శ్రీరంగ నీతులు చెప్పే నోరు సొంత స్టోర్ గుమ్మం దగ్గర ఎందుకు మూతపడుతుంది?

నిజమైన పోటీ ఎలా ఉంటుందో చూపించిన వాళ్లూ ఉన్నారు, అందుకే మాకు ఇంత కోపం. గాగ్ స్టోర్ 2008 నుంచి డీఆర్ఎం (కాపీ చెయ్యకుండా వేసే డిజిటల్ తాళం) లేకుండా గేమ్స్ అమ్ముతోంది, ఇన్‌స్టాలర్ దాచుకుంటే స్టోర్ ఉన్నా లేకపోయినా గేమ్ మనదే. 2015లో ది విచర్ 3 వచ్చినప్పుడు ఆ స్టోర్ సీడీ ప్రాజెక్ట్‌దే, గేమ్ కూడా వాళ్లదే. ఆ ఏడాది అందరూ ఎదురుచూసిన గేమ్‌ని వాళ్లు సొంత స్టోర్లో బంధించి ఉండొచ్చు, లక్షల మంది తిట్టుకుంటూనైనా అకౌంట్ తెరిచేవాళ్లు. వాళ్లు ఆ పని చెయ్యలేదు, స్టీమ్‌లో కూడా అదే రోజు పెట్టారు, మా దగ్గర కొంటే ఎక్కువ డబ్బు డెవలపర్‌కి చేరుతుంది, ఇష్టమైతే రండి అన్నారు. ఆరిజిన్ విషయంలోనూ ఒక మంచి చెప్పాలి, 2013లో ఈఏ తన గేమ్స్‌కి రిఫండ్ ఇవ్వడం మొదలుపెట్టింది, స్టీమ్ ఆ పని చేసింది 2015లో. అప్పటికి ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ వాల్వ్‌ని కోర్టుకి కూడా లాగింది. రిఫండ్ లాంటివి వస్తే మొత్తం గేమర్స్ అందరికీ లాభం. ఒక గేమ్‌ని ఒక గోడ వెనక్కి నెడితే ఆ గోడ కట్టినవాడికి తప్ప ఎవరికి లాభం?

గోడల సంగతి అక్కడితో ఆగదు, మా అసలు భయం ఇదే. పబ్లిషర్ దగ్గరే గేమ్, పబ్లిషర్ దగ్గరే స్టోర్, పబ్లిషర్ దగ్గరే అకౌంట్, సర్వర్ కూడా వాడిదే అయినప్పుడు మనం కొన్నది ఏంటి? 2014లో వచ్చిన ది క్రూ సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది, ఆ తర్వాత, గేమ్ కొనుక్కున్నవాళ్ల లైబ్రరీల్లో లైసెన్సులు కూడా రద్దు చేసింది. ఒంటరిగా ఆడుకునేవాళ్లకీ లేదు, ప్యాచ్ చేసి బతికించుకుందాం అనుకున్నవాళ్లకీ లేదు. ఆ మంటలోంచే, అమ్మిన గేమ్స్‌ని ఇలా చంపెయ్యొద్దనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది, 2025 జులైకి యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది, డిజిటల్‌గా అమ్మేటప్పుడు ఇది లైసెన్స్ మాత్రమే అని ముందే చెప్పి తీరాలని.

అకౌంట్ ముడి ఎంత దూరం పోతుందో హెల్‌డైవర్స్ 2 చూపించింది. 2024 మేలో సోనీ, స్టీమ్‌లో కొన్నవాళ్లు కూడా తన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ (పీఎస్ఎన్) అకౌంట్ కలపాల్సిందే అంది, ఆ అకౌంట్ అసలు తెరవడానికే వీల్లేని దేశాల్లో కూడా అప్పటికే గేమ్ అమ్మేసి ఉన్నారు. డబ్బులు తీసుకున్నాక గుర్తొచ్చిందా ఆ దేశాల్లో మీ సర్వీసు లేదని? 2 లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాక, మూడు నాలుగు రోజుల్లో సోనీ వెనక్కి తగ్గింది. ఒక్కటి గమనించాలి, ఆ రివ్యూలు రాయడానికి చోటు ఉంది కాబట్టి తగ్గింది. పబ్లిషర్ సొంత స్టోర్లో సొంత లాంచర్లో మాత్రమే ఆ గేమ్ ఉండుంటే ఆ 2 లక్షల మంది ఎక్కడ అరిచేవాళ్లు?

వాల్వ్‌ని మేం నెత్తిన పెట్టుకోవట్లేదు. అసలు ఈ అలవాటు నేర్పింది వాళ్లే. 2004లో హాఫ్-లైఫ్ 2 డిస్క్ కొట్లో కొనుక్కొచ్చినవాడికి కూడా స్టీమ్ వేసుకుంటేనే ఆట అన్నారు, అప్పుడూ జనం తిట్టారు, తిట్టి వేసుకున్నారు, అలవాటైపోయారు. 2018లో కమిషన్ తగ్గించినప్పుడు కూడా కోటి డాలర్ల అమ్మకాలు దాటిన గేమ్‌కి 25, 5 కోట్లు దాటితే 20 శాతం అన్నారు, అంటే బలిసినవాడికి తగ్గింపు, చిన్నవాడికి పూర్తి 30. దీని మీద వాల్వ్‌ని నిలదియ్యండి, మేం మీతో ఉంటాం. కానీ 2004లో ఊరుకున్నాం కాబట్టే 2011లో ఆరిజిన్ ధైర్యం చేసింది, ఆరిజిన్‌కి ఊరుకున్నాం కాబట్టే మిగతావాళ్లు వరస కట్టారు, వీళ్లందరికీ అలవాటు పడ్డాం కాబట్టే ప్రీ-ఆర్డర్ పెట్టిన గేమ్‌ని రెండున్నర వారాల ముందు మాయం చెయ్యొచ్చు అన్న ధైర్యం వచ్చింది. ఒక్కో తాళానికి మనం అలవాటు పడేకొద్దీ ఇంకో తాళం పడుతుంది.

పబ్లిషర్లకి మేం చెప్పేది చిన్నదే. స్టోర్ పెట్టుకోండి, లాంచర్ పెట్టుకోండి, మీ దగ్గర కొంటే ధర తగ్గించండి, బోనస్‌లు ఇవ్వండి, ఫ్రీ గేమ్స్ పంచండి, ఎవరూ కాదనరు. గేమ్‌ని మాత్రం అన్ని చోట్లా పెట్టండి. మీ స్టోర్ మీద మీకే నమ్మకం లేక గేమ్‌ని తాకట్టు పెట్టుకుంటున్నప్పుడు దానికి పోటీ అని పేరు పెట్టకండి.

ఇక కంపెనీల తరఫున పొద్దస్తమానం వాదించే గేమర్స్‌కి. ఒక కార్పొరేట్ స్టోర్ కోసం ఇంకో కార్పొరేట్ స్టోర్ ఫ్యాన్స్‌ని తిడుతూ రాత్రిళ్లు గడిపేస్తున్నారు, మీ లైబ్రరీలో మీ పేరున ఉన్నది ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు. ఉదయం స్టోర్ బాయ్‌కాట్ అని పోస్ట్ పెట్టి, రాత్రికి డీలక్స్ ఎడిషన్ ప్రీ-ఆర్డర్ కొట్టి, మూడు రోజులు ముందే ఆడొచ్చు అని స్క్రీన్‌షాట్ పెట్టేది మీరే. మెట్రో ఎక్సోడస్‌కి ఏడాది ఆగినవాళ్లు ఆగారు, వాళ్లకేం కాలేదు, గేమ్ స్టీమ్‌లోకి వచ్చింది, ప్యాచ్‌లన్నీ పడ్డాక ఆడుకున్నారు. మీరు ఒక్క గేమ్‌కి, ఒక్క ఏడాది ఆగలేరా?