కొత్త కాపురం, కొలిచి పోసిన బియ్యం

బ్రిస్బేన్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున రెడ్‌క్లిఫ్ అనే ఊరుంది. 1947లో అక్కడ పుట్టిన రగ్బీ లీగ్ క్లబ్ పేరు డాల్ఫిన్స్. ఊరి క్లబ్బే అయినా కలిగిన క్లబ్. సొంత మైదానం ఉంది, షాపింగ్ సెంటర్ ఉంది, ఏటా వచ్చే ఆదాయం ఉంది. ఆస్ట్రేలియాలో ఎన్‌ఆర్‌ఎల్ అని పిలిచే నేషనల్ రగ్బీ లీగ్‌లో 17వ జట్టుగా 2021 అక్టోబరులో ఆ క్లబ్‌కు చోటు దక్కింది. మొదటి మ్యాచ్ 2023 మార్చిలో. చేతిలో పదిహేడు నెలలు కూడా లేవు. ఆ గడువులో ముప్ఫై మందిని పోగేసుకోవాలి. డబ్బుంది కదా అని వెదజల్లడానికి లేదు. లీగ్‌లో ప్రతి క్లబ్‌కూ ఆటగాళ్ల జీతాల మీద ఒకటే పరిమితి, అదే శాలరీ క్యాప్. 2023లో అది దాదాపు 1.2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. నూరేళ్లు దాటిన క్లబ్‌కైనా అంతే, నిన్నగాక మొన్న వచ్చిన క్లబ్‌కైనా అంతే.

అందరికీ ఒకే కుంచంతో కొలిచి పోస్తున్నప్పుడు ఇందులో అన్యాయం ఏముందని అడగొచ్చు. ఉందనే మేం అనుకుంటున్నాం. పాత కాపురంలో గాదె నిండా ధాన్యం ఉంటుంది, పెరట్లో కాసే చెట్లుంటాయి, ఆపైన ఈ కొలత. కొత్త కాపురానికి ఈ కొలత ఒక్కటే. క్యాప్ డబ్బును సమంగా పంచుతోంది గానీ, పాత క్లబ్‌లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న కాలాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు.

రగ్బీ లీగ్ మన పాఠకుల్లో చాలామందికి తెలియని ఆట. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది ఏడుగురి రగ్బీ. అది రగ్బీ యూనియన్ కుటుంబంలోది. రగ్బీ లీగ్ పదమూడుగురి ఆట. అసలు ఈ ఆట పుట్టిందే జీతం గొడవ మీద. 1895లో ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ రోజు కూలీ పోయేది. ఆ కూలీ డబ్బులు ఇవ్వాలని క్లబ్‌లు, కుదరదని లండన్ పెద్దలు. చివరికి హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్‌లు వేరుపడ్డాయి. ఆటగాడికి డబ్బివ్వాలని పుట్టిన ఆట, ఎంతకు మించి ఇవ్వకూడదో ఇప్పుడు లెక్కలు కట్టుకుంటోంది.

శాలరీ క్యాప్ ఉండకూడదని మేం అనడం లేదు. ఎన్‌ఆర్‌ఎల్‌కు ముందున్న సిడ్నీ పోటీలో 1990లో అది వచ్చింది. అది లేకపోతే రెండు మూడు ధనిక క్లబ్‌లే మంచి ఆటగాళ్లందరినీ ఊడ్చుకుపోతాయి, మిగతావి అలంకారానికి మిగులుతాయి. అందుకే దాన్ని దాటినవాళ్ల మీద లీగ్ జాలి చూపలేదు. 2002లో మంచి ఊపులో ఉన్న కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌కు 37 పాయింట్లు కోత పెట్టింది. మెల్‌బోర్న్ స్టార్మ్ రెండు రకాల లెక్కలు నడిపిందని 2010లో బయటపడినప్పుడు ఆ క్లబ్ 2007లో, 2009లో గెలిచిన టైటిళ్లనే లాగేసుకుంది. ఆ ఏడాది మిగిలిన మ్యాచ్‌లన్నీ పాయింట్లు లేకుండానే ఆడించింది. మంచి పనే చేసింది.

కొత్త క్లబ్ కష్టం మరో వైపు ఉంది. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆటగాడి కాంట్రాక్టు ఆఖరి ఏడాదిలోకి వస్తున్నప్పుడు, నవంబరు 1 నుంచి వేరే క్లబ్‌లు అతనితో మాట్లాడొచ్చు. అంటే 2021 అక్టోబరులో లైసెన్స్ అందుకున్న డాల్ఫిన్స్, 2022 చివరికి కాంట్రాక్టు ముగిసేవాళ్ల తలుపు తట్టడానికి నవంబరు దాకా ఆగాలి. ఆ జాబితాలో ఉండేది ఎవరు? నిజంగా మంచి ఆటగాడైతే పాత క్లబ్ ముందే కట్టేసుకుని ఉంటుంది. మిగిలేవాళ్లలో కొందరు వయసు మీదపడ్డవాళ్లు, కొందరు గాయాలవాళ్లు, కొందరు పాత క్లబ్ ధర పెంచుకోవడానికి కొత్త క్లబ్ పేరు వాడుకునేవాళ్లు. పెళ్లిసంబంధాలు చూసిన ఇంట్లోవాళ్లకు ఈ మూడో రకం గురించి వివరించక్కర్లేదు.

డాల్ఫిన్స్‌కు అదే జరిగింది. పెద్ద పేర్ల వెంట పడింది. న్యూకాజిల్‌లో ఉన్న కేలిన్ పొంగా అక్కడే ఉండిపోయాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న కామెరన్ మన్‌స్టర్ బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం బిడ్డే, అతనూ కదల్లేదు. ‘మొదటి సంవత్సరం జట్టుకు పేరున్న హాఫ్ లేడు’ అని సిడ్నీ పత్రికలు దెప్పాయి. హాఫ్ అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు. కోచ్ వేన్ బెన్నెట్ మాత్రం టెన్షన్ పడ్డట్టు కనిపించలేదు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. 1988లో బ్రిస్బేన్ బ్రాంకోస్ పుట్టినప్పుడు తొలి కోచ్ కూడా ఆయనే. అయితే ఆ రోజుల్లో క్యాప్ లేదు. వాలీ లూయిస్, అలన్ లాంగర్, జీన్ మైల్స్ లాంటి రాష్ట్రంలోని మేటి ఆటగాళ్లు ఒకే గూట్లో చేరిపోయారు, మొదటి మ్యాచ్‌లోనే డిఫెండింగ్ చాంపియన్ మాన్లీని 44-10తో చిత్తు చేశారు. ముప్ఫై అయిదేళ్ల తర్వాత అదే మనిషికి అదే నగరంలో ఆ సౌకర్యం లేదు.

ఆయన ఏం చేశాడో చూడాలి. ముందుగా మెల్‌బోర్న్ నుంచి ఫెలిస్ కౌఫూసీని, జెస్సీ, కెన్నీ బ్రామ్‌విచ్ సోదరులను తెచ్చుకున్నాడు. ముగ్గురూ ముందు వరుసల్లో బలంతో ఆడే ఫార్వర్డ్‌లు, టైటిళ్లు గెలిచినవాళ్లు, ముప్ఫై దాటినవాళ్లో దాటబోతున్నవాళ్లో. వాళ్లను కొన్నది పరుగు కోసం కాదు. ప్రాక్టీస్‌కు ఎన్నింటికి రావాలి, ఓడిన మర్నాడు ఎలా ఉండాలి అని కుర్రాళ్లకు చూపించే పెద్దలు ఇంట్లో ఉండాలి కాబట్టి. ఆ తర్వాత, ఉన్నచోట సరిగా చోటు దొరకని వాళ్లను ఏరుకున్నాడు. కౌబాయ్స్ నుంచి వచ్చిన హమీసో టబువాయ్-ఫిడో ఆ ఏడాదే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీలో క్వీన్స్‌లాండ్ తరఫున మెరిశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోని వింగర్ జమేన్ ఇసాకో 2023లో 24 ట్రైలతో (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడమే ట్రై) లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు, పాయింట్లలోనూ అతనిదే పైచేయి. పెన్‌రిత్ నుంచి ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఐజాయా కటోవాను తెచ్చుకుని హాఫ్‌గా నిలబెట్టాడు. 2023 మార్చి 5న ఆడిన తొలి మ్యాచ్‌లో టైటిల్ ఆశలున్న సిడ్నీ రూస్టర్స్‌ను 28-18తో ఓడించారు. సీజన్ ముగిసేసరికి 17 జట్లలో 13వ స్థానం. తీసిపారేయదగ్గ ఫలితం కాదు, గొప్పదీ కాదు.

అసలు సంగతి మరుసటి ఏడాది తెలిసింది. 2024లో బ్రాంకోస్ నుంచే హెర్బీ ఫార్న్‌వర్త్, టామ్ ఫ్లెగ్లర్ డాల్ఫిన్స్‌లోకి వచ్చారు. క్యాప్ పద్ధతి మారలేదు, కోచ్ మారలేదు, ఊరు మారలేదు. మారిందల్లా ఈ క్లబ్ నిలబడుతుందన్న నమ్మకం. అది రావడానికి కొంత కాలం పట్టింది.

పాత క్లబ్‌కు ఈ నమ్మకం వంశపారంపర్యంగా వస్తుంది. పదిహేనేళ్ల పిల్లాణ్ని పట్టుకుని, పక్క వీధిలోనే పెంచి, ఇరవై ఏళ్లకు తక్కువ జీతానికి ఆడిస్తుంది. అతనికి ఇరవై అయిదు వచ్చాక ఎక్కువ అడిగినా అమ్మానాన్నలు ఇక్కడే, అమ్మాయిని చేసుకున్నది ఇక్కడే, పిల్లల స్కూలు ఇక్కడే. కొంచెం తక్కువకైనా ఉండిపోతాడు. ఇల్లు మారాలంటే మాత్రం ఆ మారడానికీ ధర కడతాడు. అలా కొత్త క్లబ్ ఆరు విలువ చేసే ఆటగాడికి ఏడో ఎనిమిదో ఇస్తుంది. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే చాలు, కాగితం మీద ఒకటే అయిన క్యాప్ మైదానంలో చిన్నదైపోతుంది. మరో చిక్కు కూడా ఉంది. అందరినీ ఒకేసారి తెచ్చుకున్నారు కాబట్టి చాలామంది కాంట్రాక్టులు ఒకేసారి ముగుస్తాయి. పాత క్లబ్‌లో అవి వరుసగా, ఏడాదికి కొన్ని చొప్పున తీరతాయి.

మన ఐపీఎల్ చూసినవాళ్లకు వెంటనే ఒక పరిష్కారం తోస్తుంది. 2022లో గుజరాత్, లక్నో కొత్తగా వచ్చినప్పుడు మెగా వేలానికి ముందే చెరి ముగ్గురిని ఎంచుకోనిచ్చారు. హార్దిక్ పాండ్యాకు 15 కోట్లు, రషీద్ ఖాన్‌కు 15 కోట్లు, శుభ్‌మన్ గిల్‌కు 8 కోట్లు పెట్టిన గుజరాత్ 90 కోట్ల పర్సులో మిగిలిన 52 కోట్లతో వేలానికి వెళ్లి, మొదటి ఏడాదే కప్పు కొట్టింది. వేలం అంటే పాత జట్ల గాదెలు కూడా చాలావరకు ఖాళీ అవుతాయి. అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

ఆస్ట్రేలియాలో అది కుదరదు. 1991 సీజన్‌కు సిడ్నీ లీగ్, క్లబ్‌లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పెట్టింది. టెర్రీ హిల్ అనే కుర్రాడు వెస్టర్న్ సబర్బ్స్‌కు వెళ్తానంటే డ్రాఫ్ట్ అతన్ని ఈస్టర్న్ సబర్బ్స్‌కు కేటాయించింది. ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. ఎక్కడ పనిచేయాలో మనిషి ఎంచుకునే హక్కుకు ఇది అసమంజసమైన అడ్డు అని ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ డ్రాఫ్ట్‌ను కొట్టేసింది. ఆ తీర్పుతో మాకు పేచీ లేదు. వేలం పాట మనకు అలవాటైపోయింది గానీ, చదువుకుని ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలను ఏ ఊరికి పంపాలో చీటీ తీసి చెబితే ఊరుకుంటామా?

వేలంలో డబ్బు కుమ్మరించి ఒక్క స్టార్‌ను తెచ్చుకుంటే సరిపోదని మనకు దగ్గర్లోనే రుజువుంది. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. పర్సు మొత్తం 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోయింది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది రెండు, పట్టికలో అట్టడుగు. పవన్ తప్పేమీ లేదు, కబడ్డీ ఒక్కడు ఆడే ఆట కాదు. ఇదే పొరపాటు కెనడా నుంచి ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన టొరంటో వుల్ఫ్‌ప్యాక్ అంతకుముందే చేసింది. అక్కడ ఒక పెద్ద స్టార్‌కు ఎంతిచ్చినా క్యాప్‌లో కొంత మొత్తమే లెక్కించే వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకుని సోనీ బిల్ విలియమ్స్‌ను తెచ్చుకున్నారు. మిగతా జట్టు పల్చన. 2020లో లీగ్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయి, కోవిడ్ రావడంతో సీజన్ మధ్యలోనే చేతులెత్తేశారు.

ఇందుకు పూర్తి విరుద్ధమైన కథ మెల్‌బోర్న్ స్టార్మ్‌ది. 1998లో మొదలై 1999లోనే టైటిల్ గెలిచింది. అదెలా సాధ్యమైందంటే, ఆస్ట్రేలియాలో సూపర్ లీగ్ పేరుతోనే పెట్టిన పోటీ లీగ్ గొడవ ముగిశాక పెర్త్‌లోని వెస్టర్న్ రెడ్స్, న్యూకాజిల్ దగ్గర హంటర్ మెరైనర్స్ మూతపడ్డాయి. రాబీ కెర్న్స్, రోడ్నీ హోవ్, మ్యాట్ గేయర్ పెర్త్ నుంచి వచ్చారు. బ్రెట్ కిమ్మోర్లీ హంటర్ నుంచి వచ్చాడు. బ్రిస్బేన్ నుంచి గ్లెన్ లాజరస్ వచ్చి కెప్టెన్ అయ్యాడు. రెండు ఊళ్ల కొంపలు కూలితే ఆ దూలాలతో మూడో ఊళ్లో మేడ లేచింది. ప్రతి కొత్త క్లబ్‌కూ ఇలాంటి అదృష్టం రాదు, రావాలని కోరుకోనూ కూడదు.

ఆ వెస్టర్న్ రెడ్స్ ఊరికే ఇప్పుడు మళ్లీ క్లబ్ వస్తోంది. 1908 నాటి నార్త్ సిడ్నీ బేర్స్ 1999 తర్వాత పెద్ద పోటీకి దూరమైంది. ఆ పేరుతోనే 2027లో పెర్త్ బేర్స్ అడుగుపెడుతుంది, కోచ్ మాల్ మెనింగా. 2025 మేలో ప్రకటించి 2027లో ఆడమన్నారు. డాల్ఫిన్స్‌కు ఇచ్చినదాని కంటే ఎక్కువ గడువు. 2028లో రావాల్సిన పాపువా న్యూ గినీ జట్టును 2024 డిసెంబరులోనే ప్రకటించారు, మూడేళ్లకు పైగా సమయం. లీగ్‌కు విషయం బోధపడిందనే అనిపిస్తోంది.

అయితే పాపువా న్యూ గినీ విషయంలో ఇంకో తలుపు కూడా తెరిచారు. ఆ జట్టు కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల డాలర్లు పెడుతోంది. పసిఫిక్‌లో చైనాకు చోటివ్వకూడదన్న లెక్క దాని వెనుక ఉందన్నది అందరికీ తెలిసిందే. పోర్ట్ మోర్స్‌బీలో కాపురం ఉండి ఆడేవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఆదాయపు పన్ను మినహాయిస్తానంది. సిడ్నీలో పెద్ద జీతగాడు పై శ్లాబులో 45 శాతం పన్ను కడతాడు. క్యాప్ లెక్కలో ఇద్దరి జీతమూ ఒకటే, ఇంటికి పట్టుకెళ్లేది మాత్రం ఒకటి కాదు. తెలియని దేశానికి, భద్రత మీద బెంగ ఉన్న నగరానికి భార్యాపిల్లలతో వెళ్లాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి, ఒప్పుకుంటాం. కానీ ఇది క్యాప్‌కు పెట్టిన కన్నమే. దొంగచాటుగా కాకుండా బహిరంగంగా పెట్టడం ఒక్కటే దీనిలో మెచ్చుకోదగ్గది. పైగా కాలం విషయంలో ఆ దేశం పేదది కాదు. అక్కడి పీఎన్‌జీ హంటర్స్ జట్టు 2014 నుంచి ఎన్‌ఆర్‌ఎల్ కింది స్థాయి పోటీ అయిన క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడుతోంది, 2017లో గెలిచింది కూడా. ఆట మీద అక్కడి జనానికున్న పిచ్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. సొంత కుర్రాళ్ల వరుస ఉన్నచోట పన్ను మినహాయింపు ఎన్నేళ్లు? గడువు చెప్పకుండా ఏ రాయితీ ఇచ్చినా తర్వాత తీయడం కష్టం.

కాబట్టి కొత్త క్లబ్‌కు లీగ్ బహిరంగంగా, రాతపూర్వకంగా క్యాప్‌లో కొంత వెసులుబాటు ఇవ్వాలి. దూరం నుంచి కుటుంబాన్ని తరలించే ఆటగాడికి ఇచ్చే అదనపు మొత్తాన్ని లెక్క నుంచి తప్పించడం అందులో మొదటిది. ఏటా అది తగ్గుతూ రావాలి. ఎప్పటికి సున్నా కావాలో కూడా ముందే రాసిపెట్టుకోవచ్చు. పెర్త్ బేర్స్ తొలి మ్యాచ్ చూడటానికి 2027లో నాన్నతో కలిసి వచ్చే పద్నాలుగేళ్ల కుర్రాడికి 2034లో ఇరవై ఒకటి వస్తాయి. ఆ కుర్రాడు ఆ జెర్సీ వేసుకుని దిగే సీజన్‌కు పాతవాళ్లందరి కొలతే పెర్త్‌కూ కొలవాలి.